ఇంట్లో జరుగుతున్న చిన్న వాక్య ధ్యాన కూడిక ఆదివారపు సంఘానికి బదులు కాగలదా?

బెరయవాసి (ప్రశ్న)

అందరికీ వందనాలు.

మేము నాలుగు కుటుంబాల వాళ్లం, పెద్దవాళ్లం ఎనిమిది మందిమి, పద్నాలుగు నెలలుగా ప్రతి గురువారం రాత్రి ఎవరో ఒకరి ఇంట్లో కూడుకుని మార్కు సువార్తను వరుసగా చదువుతున్నాము. ప్రసంగం ఉండదు, మైకు ఉండదు, కానుకల సంచి తిరగదు. ఒకరు ఆ రోజు భాగాన్ని బిగ్గరగా చదువుతారు. తరువాత ఒక్కొక్కరు తమకు అర్థం కానిది ఏమిటో చెబుతారు. అర్థమైనది చెప్పడం ఆ తరువాతే. పదహారు అధ్యాయాల పుస్తకానికి పద్నాలుగు నెలలు పట్టిందంటే ఎంత నెమ్మదిగా చదివామో మీరే ఊహించవచ్చు.

చివరి అధ్యాయం దగ్గర జరిగిన సంగతి ఒకటి చెప్పాలి. 16వ అధ్యాయంలో 9 నుంచి 20 వరకు ఉన్న వచనాలు 4వ శతాబ్దపు చేతిరాత బైబిళ్లైన సీనాయి ప్రతిలోనూ వాటికన్ ప్రతిలోనూ లేవని, ఆ రెండింటిలో సువార్త 8వ వచనంతోనే, అంటే స్త్రీలు భయపడి ఎవరితోనూ ఏమీ చెప్పలేదన్న మాటతోనే ముగుస్తుందని మాలో ఒకరు తన అధ్యయన బైబిలులోని పాదసూచికను చదివి చెప్పారు. ముప్పై ఏళ్లుగా ఆదివారం తప్పకుండా ఆరాధనకు వెళ్తున్న నేను ఈ మాట అంతకు ముందు వినలేదు. మరుసటి ఆదివారం మా కాపరి గారిని అడిగితే, ఇటువంటి ప్రశ్నలు విశ్వాసాన్ని బలహీనపరుస్తాయని, పెద్దవాళ్లెవరూ లేకుండా ఇళ్లలో కూడుకుంటే ఇలాగే అవుతుందని అన్నారు. నాకు కోపం రాలేదు. కానీ ఆ రోజు నుంచి ఆయన ప్రసంగిస్తున్నంతసేపూ నా మనసు గురువారం వైపే పోతోంది.

ఇప్పుడు మాలో రెండు కుటుంబాల వారు ఆదివారం వెళ్లడం మానేశారు. ఇద్దరు ముగ్గురు తన నామమున కూడిన చోట తాను ఉంటానని ప్రభువే చెప్పాడు కనుక మన గురువారపు కూడికే మన సంఘమని, రొట్టె విరవడం, అంటే ప్రభువు జ్ఞాపకార్థం రొట్టె, ద్రాక్షారసం పంచుకునే ప్రభువు బల్ల కూడా ఇక్కడే మొదలుపెడదామని వారు అంటున్నారు. మిగిలిన మేము అవుననలేక, కాదనడానికి కారణమూ చెప్పలేక ఉన్నాము. వాక్యం చదువుకునే చిన్న గుంపు ఏ దశలో సంఘమవుతుంది? ప్రభువు బల్ల సంగతి మేము ఎలా ఆలోచించాలి? ఆదివారాన్ని వదిలేస్తే నిజంగా పోగొట్టుకునేది ఏమైనా ఉందా, లేక పోయేది అలవాటు మాత్రమేనా? వెళ్లమనో వద్దనో ఒక్క ముక్కలో తేల్చకుండా, ఇటువంటి కూడికలను దగ్గరగా చూసినవారు, చరిత్ర తెలిసినవారు కారణాలతో రాయవలసిందిగా మనవి.


మేడగది

బెరయవాసి గారూ, అర్థం కానిదే ముందు చెప్పాలన్న మీ నియమాన్ని ఏం జరిగినా వదలకండి. అర్థమైనవాటితో మొదలయ్యే కూడికలో మొదట నోరు తెరిచేది ఎప్పుడూ ఒకరే అయి ఉంటారు.

మీ స్నేహితులు చెబుతున్న మత్తయి 18:20ని 15వ వచనం నుంచి కలిపి చదవండి. సహోదరుడు తప్పు చేస్తే ముందు ఒంటరిగా వెళ్లి మాట్లాడాలి, వినకపోతే ఒకరిద్దరిని వెంటబెట్టుకుని వెళ్లాలి, అప్పటికీ వినకపోతే సంఘానికి చెప్పాలి. ఇద్దరు ముగ్గురు సాక్షుల మాట మీద ప్రతి సంగతీ స్థిరపడాలన్న ద్వితీయోపదేశకాండపు నియమం 16వ వచనంలో వినిపిస్తుంది. 20వ వచనంలోని ఇద్దరు ముగ్గురు ఆ వెనుకనే వస్తారు. కాబట్టి సంఖ్య తక్కువైనా ఫరవాలేదన్న ఓదార్పుగా మాత్రమే ఆ మాటను తీసుకోకూడదు. చిన్న కూడికకు అది వర్తించదని నేను అనడం లేదు. వర్తిస్తుందనేవారు పై వచనాల బరువును కూడా నెత్తికెత్తుకోవాలని అంటున్నాను. మీ ఎనిమిది మందిలో ఒకరు తన ఇంట్లో కఠినంగా ప్రవర్తిస్తున్నాడని తెలిస్తే, మిగిలిన ఏడుగురు ఆయన్ని కూర్చోబెట్టి అడగగలరా? గుంపు ఎప్పుడు సంఘమవుతుందన్న మీ ప్రశ్నకు నేను వెతికే మొదటి గుర్తు ఇదే.

ఇక ఆది సంఘం ఇళ్లలోనే కూడిందన్న మాట సగం నిజం. ప్రిస్కిల్ల అకులల ఇంట్లో (రోమా 16:5), నుంఫా ఇంట్లో (కొలొస్స 4:15), ఫిలేమోను ఇంట్లో సంఘాలు కూడేవని పత్రికలే చెబుతున్నాయి. అయితే అపొస్తలుల కార్యములు 2:46లోనూ 5:42లోనూ విశ్వాసులు దేవాలయంలోనూ ఇళ్లలోనూ, రెండు చోట్లా కనబడతారు. ఎఫెసులో పౌలు రెండేళ్లపాటు ప్రతిదినం బోధించింది తురన్ను పాఠశాలలో. కొరింథులో సంఘమంతా ఒకచోట కూడే సందర్భాలు ఉండేవని 1 కొరింథీయులకు 14:23 వల్ల తెలుస్తుంది. సంఘమంతటికీ ఆతిథ్యమిచ్చిన గాయి పేరు రోమా పత్రిక చివర ఉంది. కొలొస్సయులు తమ పత్రికను లవొదికయకు పంపి, అక్కడినుంచి వచ్చేదాన్ని తామూ చదవాలని పౌలు ఆజ్ఞాపించాడు. అంటే నాటి ఇంటి సంఘానికి గోడలు చిన్నవే గానీ రాకపోకలు పెద్దవి. ఒక ఇంట్లో తప్పు బోధ పుడితే ఆ కబురు మరో పట్టణానికి చేరేది, అక్కడినుంచి ఒక ఉత్తరమో ఒక మనిషో వచ్చేవాడు. మీ కూడికకు అలా వచ్చేవారు ఎవరైనా ఉన్నారా?

సుమారు క్రీ.శ. 155లో రోము నుంచి జస్టిన్ అనే క్రైస్తవ బోధకుడు రాసిన మొదటి సమర్థన అనే గ్రంథంలో ఆదివారపు కూడిక వర్ణన ఉంది. పట్టణాలలోనూ పల్లెలలోనూ ఉన్నవారు ఒకచోటికి చేరేవారు. అపొస్తలుల జ్ఞాపకాలో ప్రవక్తల రచనలో సమయం ఉన్నంతవరకు చదివేవారు, అధ్యక్షుడు హెచ్చరించేవాడు, అందరూ లేచి ప్రార్థించేవారు. రొట్టెను, నీళ్లు కలిపిన ద్రాక్షారసాన్ని పంచుకుని, రానివారికి పరిచారకుల చేత పంపేవారు. ఇష్టమున్నవారు ఇచ్చిన సొమ్ము అనాథలకు, విధవరాండ్రకు, రోగులకు, చెరలో ఉన్నవారికి, పరదేశులకు వెళ్లేది. సమయం ఉన్నంతవరకు చదవడమన్నది ఇప్పటి పెద్ద ఆరాధనలలో కంటే మీ గురువారంలోనే బాగా మిగిలి ఉందని ఒప్పుకుంటాను. రానివారికి పంపడం, చెరలో ఉన్నవారిని చూడడం మాత్రం మీరు రాసినదానిలో నాకు కనబడలేదు.

మరొక్కటి. ఇంటి సంఘమని అందరూ ఉదాహరించే కట్టడం యూఫ్రటీసు ఒడ్డున దురా యూరోపోస్ అనే పట్టణంలో 1930ల తొలినాళ్లలో తవ్వకాలలో బయటపడింది. 256 ప్రాంతంలో పర్షియా పాలకులైన ససానీయుల దాడితో ఆ పట్టణం పాడుబడిపోవడం వల్లనే అది మట్టి కింద మనకు దక్కింది. మామూలు నివాస గృహమే అయినా, విశ్వాసులు అందులో రెండు గదుల మధ్య గోడ పడగొట్టి పెద్ద గది చేసుకున్నారు, మరో గదిలో బాప్తిస్మపు తొట్టి కట్టి చుట్టూ మంచి కాపరి మొదలైన బొమ్మలు వేయించుకున్నారు. రోమా సామ్రాజ్యంలో క్రైస్తవులకు ఆరాధన స్వేచ్ఛనిచ్చిన మిలాన్ శాసనం వచ్చిన 313 కంటే దాదాపు డెబ్బై ఏళ్ల ముందే ఒక ఇల్లు మందిరంగా మారుతోందన్న మాట. 4వ శతాబ్దంలో లవొదికయ సభ ఇళ్లలో ప్రభువు బల్ల జరపకూడదని నియమం చేసింది. జరుగుతూ ఉంటేనే కదా నిషేధించవలసి వచ్చింది. ఇల్లు స్వచ్ఛమైనది, మందిరం పాడైనది అన్న కథను అటు నుంచి నమ్మకండి, ఇటు నుంచీ నమ్మకండి.


ఉప్పుకల్లు

నేను తొమ్మిదేళ్లు ఇటువంటి కూడికలో ఉన్నాను. అది ఎలా చెడిపోయిందో రాస్తే మీకు పనికివస్తుందనిపించింది.

ఆరుగురితో మొదలై ఇరవై ముగ్గురమయ్యాము. మాలో ఒక సోదరుడు అందరికంటే బాగా సిద్ధపడి వచ్చేవాడు. వ్యాఖ్యానాలు చదివేవాడు, పటాలు గీసి తెచ్చేవాడు. మూడో ఏడు వచ్చేసరికి మిగిలినవాళ్లం సిద్ధపడడం మానేశాము, నాలుగో ఏటికి ప్రశ్నలన్నీ ఆయన వైపే తిరిగేవి. ఆయన దురాశ ఉన్న మనిషి కాదు, ఆ స్థానం కోరుకున్నవాడూ కాదు. మేమే ఆయన్ని కాపరిని చేశాము. అభిషేకం లేదు, పెద్దలు లేరు, ప్రశ్నించడానికి ఒక కమిటీ లేదు, చివరికి జీతం ఆపే అవకాశం కూడా లేదు. ఆదివారపు కాపరికి పైన ఎవరో ఒకరు ఉంటారు, మంచో చెడో. మా సోదరుడికి పైన ఎవరూ లేరు. ఆ దినమును గూర్చి ఎవరికీ తెలియదన్న మార్కు 13:32ను మేము కలిసి చదివిన రెండేళ్లకే ఆయన అంత్యదినాల లెక్కలలో పడి ఒక సంవత్సరాన్ని ప్రకటించాడు. మా పిల్లలలో ఇద్దరు పైచదువులు మానుకున్నారు. ఆ సంవత్సరం వచ్చింది, వెళ్లింది. ఎవరూ ఎవరినీ ఏమీ అడగలేదు. మరో మూడు వారాలకు కూడిక దానంతటదే ఆగిపోయింది.

అందుకే చిన్న గుంపులో అధికారం ఉండదన్న మాటను నేను నమ్మను. పేరు లేని అధికారం ఉంటుంది, అంతే. 3 యోహానులో దియొత్రెఫే ప్రధానత్వం కోరి, వచ్చిన సహోదరులను చేర్చుకోక, చేర్చుకునేవారిని వెలివేసినది పెద్ద మందిరంలో కాదు. ఆది సంఘాలకు ఈ బెడద బాగా తెలుసు. దిదకే అనే ప్రాచీన గ్రంథం ఊరూరా తిరిగే అపొస్తలుడు ఒక రోజు, అవసరమైతే రెండు రోజులు ఉండవచ్చునని, మూడో రోజూ ఉంటే అబద్ధ ప్రవక్త అని, డబ్బు అడిగినా అబద్ధ ప్రవక్తేనని తేల్చి చెబుతుంది. నాకు ఆ గ్రంథంలో అన్నిటికంటే నచ్చేది ఈ లెక్కే, ఎందుకంటే మనిషి ఆత్మలో ఎంత మండుతున్నాడో కొలవడం కష్టం గానీ రోజులు లెక్కపెట్టడం ఎవరికైనా వచ్చు.

ఇప్పుడు నేను మరో చిన్న కూడికలో ఉన్నాను, ఈసారి ఆదివారాన్ని వదలకుండా. అక్కడ మేము పాటించేవి కొన్ని చెబుతాను. నడిపించే వంతు ప్రతివారం మారుతుంది. చేతకాదనేవారికి కూడా వంతు తప్పదు, వారు వాక్యం చదివి మూడు ప్రశ్నలు అడిగి ఊరుకుంటే చాలు. నడిపించేవారు తమ ప్రశ్నకు తామే జవాబు చెప్పకూడదు. వ్యాఖ్యానాలు చివరి పావుగంటకు ముందు తెరవకూడదు. బెరయవారిలా లేఖనాలతో పోల్చి చూసుకున్నాకే ఒక అభిప్రాయానికి రావాలి. మీరు ఆ పేరు పెట్టుకున్నారు కనుక మీకు చెప్పనక్కరలేదు. పన్నెండు మంది దాటితే రెండు గుంపులవుతాము. డబ్బు తిరగదని మీరు రాశారు, కానీ ఎవరికో జబ్బు చేస్తుంది, ఎవరి ఉద్యోగమో పోతుంది, అప్పుడు డబ్బు తప్పక తిరుగుతుంది. దాన్ని ఇద్దరు కలిసి ఒక పుస్తకంలో రాయాలి. విరాళాల విషయంలో తనపై నింద రాకూడదని పౌలు ఇతరులను వెంట పంపిన సంగతి 2 కొరింథీయులకు 8వ అధ్యాయంలో ఉంది.

పన్నెండు అన్న లెక్క మేము మెథడిస్టు ఉద్యమాన్ని మొదలుపెట్టిన వెస్లీ నుంచి తీసుకున్నాము. 1742లో బ్రిస్టల్‌లో కూడిక గది కట్టిన అప్పు తీర్చడానికి సభ్యులందరూ వారానికి ఒక పెన్నీ ఇవ్వాలనుకున్నారు. కొందరు ఇవ్వలేరంటే, కెప్టెన్ ఫాయ్ అనే ఒకాయన, అందరిలోకీ పేదలైన పదకొండు మందిని నాకు అప్పగించండి, ప్రతివారం వెళ్లి కలుస్తాను, వారు ఇవ్వలేనిది నేనే వేస్తాను అన్నాడు. అలా ఇంటింటికీ తిరిగినవారికి పెన్నీలకంటే మనుషుల బతుకులు ఎక్కువగా కనబడ్డాయి, మెథడిస్టుల క్లాసు కూడికలు అక్కడినుంచి పుట్టాయి. అయితే వెస్లీ చాలాకాలం తన కూడికలను సంఘ ఆరాధన వేళకు అడ్డు రానీయలేదు. వాటిని సంఘానికి బదులుగా ఆయన ఎన్నడూ తలపెట్టలేదు. అంతకు ముందు 1670లో ఫ్రాంక్‌ఫర్ట్‌లో స్పెనర్ అనే లూథరన్ కాపరి తన ఇంట్లో ఇటువంటి కూడికలే మొదలుపెట్టాడు, సంఘాన్ని లోపలినుంచి బ్రతికించాలన్న ఆశతో. కొన్నేళ్లకు ఆయనతో మొదట నడిచినవారిలోనే కొందరు ఆదివారపు ఆరాధనను, ప్రభువు బల్లను వదిలి వేరైపోయారు. మీ నాలుగు కుటుంబాలలో ఇప్పుడు జరుగుతున్నది కొత్త సంగతేమీ కాదు.


గొర్రెలదొడ్డి

నేను ఒక సంఘానికి కాపరిని, కాబట్టి నా మాటలలో నా కుర్చీ మీద మమకారం ఉందేమో చూసుకుని చదవండి.

ముందుగా మీ కాపరి గారి జవాబు గురించి. ఆ జవాబు తప్పు. మార్కు ముగింపు సంగతి వేదాంత కళాశాలలలో మామూలుగా నేర్పేదే; చాలామందిమి నేర్చుకుని, విశ్వాసులు తట్టుకోలేరనుకుని మందిరంలో చెప్పకుండా దాచుకుంటాము. దాచుకున్నది వారే కనుక్కున్నప్పుడు మాకు కలిగేది కోపంలా కనబడుతుంది గానీ అది భయం. మీరు ఆరాధన ముగిసి నలుగురూ ఉన్నప్పుడు అడిగారా, ఒంటరిగా అడిగారా? మీరు తప్పు చేశారని కాదు ఈ ప్రశ్న. మరోసారి, ఆయన ఇంట్లో, తీరికగా అడిగి చూడమని మాత్రమే.

ప్రభువు బల్ల విషయంలో మీకు ఒక్క జవాబు ఎవరూ ఇవ్వలేరు, ఎందుకంటే సంఘాలే దీనిలో ఏకీభవించవు. కథోలిక, ఆర్థొడాక్స్ సంఘాలలో అభిషిక్తుడైన గురువు లేకుండా అది జరగదు. లూథరన్లు తమ విశ్వాస ప్రకటన అయిన 1530 నాటి ఆగ్స్‌బర్గ్ ఒప్పుకోలులో సంఘమంటే సువార్త శుద్ధంగా బోధింపబడుతూ, సంస్కారాలు సరిగా జరిగే పరిశుద్ధుల కూటమని 7వ అధికరణంలో చెప్పారు. అక్కడ కట్టడం మాట లేదు, సంఖ్య మాట లేదు. కానీ క్రమంగా పిలువబడనివాడు బహిరంగంగా బోధించకూడదని, సంస్కారాలు ఇవ్వకూడదని 14వ అధికరణంలో వెంటనే హద్దు పెట్టారు. బ్రదరన్ సహవాసాలలో అభిషిక్త సేవకుడు లేకుండానే, 19వ శతాబ్దపు తొలి భాగం నుంచి, ప్రతి ఆదివారం రొట్టె విరుస్తున్నారు. కాబట్టి మీరు ముందు తేల్చుకోవలసింది మీరు ఏ సంఘ క్రమంలో బాప్తిస్మం పొంది, దేనికి ఒప్పుకుని ఉన్నారో అన్నది. ఆ క్రమాన్ని కాదనదలచుకుంటే తెలిసి కాదనండి. గురువారం రాత్రి ఉత్సాహంలో ఒకరు రొట్టె తెస్తే, మిగిలినవారు మొహమాటానికి తీసుకోవడం మాత్రం వద్దు.

లూథరు 1526లో జర్మను ఆరాధన క్రమానికి రాసిన ముందుమాటలో మీవంటి కూడికనే ఊహించాడు. మనస్ఫూర్తిగా క్రైస్తవులుగా ఉండగోరేవారు తమ పేర్లు రాయించుకుని, ఒక ఇంట్లో వేరుగా కూడి ప్రార్థించవచ్చు, చదవవచ్చు, బాప్తిస్మమివ్వవచ్చు, సంస్కారం పుచ్చుకోవచ్చు అని ఆయన అన్నాడు. అంతలోనే, అందుకు తగిన మనుషులు తనకు ఇంకా లేరని, కాబట్టి దాన్ని మొదలుపెట్టలేనని ఒప్పుకున్నాడు. ఆ మాటలో ఒక షరతు ఉంది గమనించండి. పేర్లు రాయించుకోవాలి. తప్పు చేసినవారిని మత్తయి 18 ప్రకారం సరిదిద్దాలని కూడా ఆయన అక్కడే రాశాడు. మేడగది గారు అడిగినదీ అదే.

కొరింథులో ప్రభువు బల్ల చెడిపోయినది ఇంట్లో కూడినప్పుడే. ఒకడు ఆకలిగొనగా మరొకడు మత్తుడయ్యాడని పౌలు గద్దించాడు. అక్కడ లోటు అభిషేకానిది కాదు, ఒకరికోసం ఒకరు కనిపెట్టుకోకపోవడం. మీ కూడిక ఆ పరీక్షకు నిలిస్తే, నిజం చెబుతున్నాను, మా మందిరంలో జరిగే బల్లకంటే అది పౌలు మాటకు దగ్గరగా ఉంటుంది. అయినా మీ స్థానంలో నేనుంటే, ఎనిమిది మందీ ఏకమనస్సుతో ఒప్పుకునేవరకు ఆగుతాను. నలుగురు చేయి చాచి నలుగురు చేయి ముడుచుకునే బల్ల చుట్టూ కూర్చోవడం చాలా కష్టం.


లూదియ_ఇల్లు

పై ముగ్గురూ చిన్న కూడికను హద్దులో పెట్టే పనిలోనే ఉన్నట్లు నాకు అనిపించింది, కనుక రెండో వైపు నుంచి కొంత రాస్తాను.

ఉప్పుకల్లు గారూ, మీరు చెప్పిన సోదరుడిలాంటివారు పెద్ద సంఘాలలో లేరా? పైన ఎవరో ఒకరు ఉండడం వల్ల అక్కడ తప్పులు ఆగిపోయాయా? చాలాసార్లు ఆ పైనున్నవారే వాటిని కప్పిపుచ్చారు. చరిత్రలో ఇటువంటి కూడికలను చూసి భయపడింది దుర్బోధకు మాత్రమే అనుకోకండి. ఇంగ్లండులో 1664 నాటి చట్టం ఒక ఇంటివారు కాక ఐదుగురికి మించి వేరే ఆరాధనకు కూడితే శిక్షించింది. స్వీడనులో 1726లో వచ్చిన ఇటువంటి చట్టం 1858 వరకు అమలులో ఉంది. నలుగురు కూర్చుని బైబిలు చదువుకుంటే రాజ్యాలకు ఎందుకంత కలవరం? చదివినవారు ప్రశ్నిస్తారు, ఆ ప్రశ్న ఎవరి నోటినుంచి వస్తుందో ముందుగా చెప్పలేము. 1630లలో బోస్టన్‌లో ఆన్ హచిన్సన్ తన ఇంట్లో స్త్రీలను కూర్చోబెట్టుకుని ఆ వారపు ప్రసంగాలను చర్చించేది. తరువాత పురుషులు కూడా రావడం మొదలైంది. 1637లో ఆమెను విచారించి బహిష్కార శిక్ష వేశారు, 1638లో సంఘం వెలివేసింది. అపొల్లో అనే బోధకుడికి దేవుని మార్గాన్ని మరింత పూర్తిగా విశదపరచినవారిలో ప్రిస్కిల్ల ఉన్నదని అందరమూ చదువుతాము. మందిరంలో నాకు నోరు తెరిచే అవకాశం ఏ ఆదివారమూ రాలేదు, ఇంటి కూడికలో మొదటి రాత్రే వచ్చింది. నా వరకు ఇది చిన్న సంగతి కాదు.

అయితే నేను ఆరేళ్లు ఆదివారాన్ని పూర్తిగా వదిలి, రెండేళ్ల క్రితం తిరిగి వెళ్తున్నదాన్ని. ఎందుకని మీరు అడుగుతారు కాబట్టి చెబుతున్నాను. ప్రసంగం బాగుపడలేదు, అది అలాగే ఉంది. ఇంటి కూడికకు మనం పిలిచినవారే వస్తారు. మా ఆరేళ్లలో మా కూడికలో డెబ్బై దాటినవారు లేరు, చదువు రానివారు లేరు, నాకు చికాకు కలిగించేవారు ఒక్కరూ లేరు. పాఠం చదవడం రానివారికి మా పద్ధతిలో చోటే లేదని నాకు తట్టడానికి నాలుగేళ్లు పట్టింది. మందిరంలో నా పక్కన కూర్చునే పెద్దావిడను నేను ఎంచుకోలేదు. ఆవిడకు చూపు లేదు; పాటలన్నీ నోటికి వచ్చు; నేను ఏ వారం రాకపోయినా ఎందుకు రాలేదని అడిగేది ఆవిడ ఒక్కతే. మా పిల్లల సంగతి కూడా చెప్పాలి. పెద్దవాళ్లం గంటలు గంటలు వాక్యం మాట్లాడుకుంటుంటే వారు పక్కగదిలో నిద్రపోయేవారు; వారి ఈడు విశ్వాసి ఒక్కరైనా వారికి లేకుండా పోయారు. త్రోయలో పౌలు అర్ధరాత్రి దాకా ప్రసంగిస్తుంటే కిటికీలో కూర్చున్న ఐతుకు అనే యువకుడు నిద్రపట్టి మూడో అంతస్తునుంచి పడ్డాడు కదా, ఆ కథ చదివినప్పుడల్లా నాకు మా పక్కగదే గుర్తుకొస్తుంది.

అయినా నేను గురువారాన్ని వదలలేదు. నాకు శస్త్రచికిత్స జరిగినప్పుడు మూడు వారాలు వంతులు వేసుకుని ఇంటికి వచ్చినవారు ఆ పదిమందే. మందిరంలో నా పేరు ప్రార్థన చీటీలో చదివారు.


బెరయవాసి

అందరికీ కృతజ్ఞతలు. మీ జవాబులను అచ్చు వేయించి పోయిన గురువారం వాక్యానికి బదులుగా వాటినే చదువుకున్నాము. దియొత్రెఫే దగ్గర కొందరు నా వైపు చూశారు, ఎందుకంటే వ్యాఖ్యానాలు తెచ్చేది నేనే. ఆ రాత్రినుంచి వాటిని చివరి పావుగంట వరకు సంచిలోనే ఉంచాలని ఒప్పుకున్నాను.

మత్తయి 18 ప్రశ్నను, అంటే మాలో ఒకరు తప్పు చేస్తే అడగగలమా అన్నదాన్ని, బిగ్గరగా అడిగాము. చాలాసేపు ఎవరూ మాట్లాడలేదు. తరువాత ఒక సోదరుడు, అడిగినా అడగకపోయినా, నన్ను అడిగే హక్కు మీకు ఉందని నేను ఇప్పటివరకు అనుకోలేదు అన్నాడు. ఆ మాట ఆయన కోపంగా అనలేదు. దానితో, మేము ప్రస్తుతానికి వాక్యం చదువుకునే గుంపే గానీ సంఘం కాదని ఆరుగురం అనుకున్నాము. ఆదివారం మానేసిన రెండు కుటుంబాలలో ఒక కుటుంబం మాతో ఏకీభవించి తిరిగి ఆరాధనకు వస్తున్నది. రెండో కుటుంబం తమ ఇంట్లో ఆదివారం రొట్టె విరవడం మొదలుపెట్టింది. వారు గురువారం వస్తూనే ఉన్నారు, మేము వారిని రావద్దని అనలేదు.

కాపరి గారి ఇంటికి నేను ఒక్కడినే వెళ్లాను. ఆయన అర గంటసేపు మార్కు ముగింపు గురించి మాట్లాడారు, తన చదువు రోజులలోని నోటు పుస్తకం తీసి చూపించారు. దానిలో 16:8 పక్కన ఆయన చేతిరాతతో ఒక ప్రశ్నార్థకం ఉంది. ఒక గురువారం రమ్మని అడిగాను. వస్తాను గానీ ఒక్క వారం నన్ను ఏమీ అడగవద్దు, వింటాను అన్నారు. వచ్చే వారం నుంచి మేము యోహాను మొదటి పత్రిక మొదలుపెడుతున్నాము. ఆ రాత్రి నడిపించే వంతు రొట్టె విరిచే కుటుంబానిది. కాపరి గారు వచ్చేదీ ఆ రాత్రే. వంతులు మార్చాలా వద్దా అని రెండు రోజులుగా ఆలోచిస్తున్నాను.


ఉప్పుకల్లు

మార్చకండి. మీరు మారిస్తే ఎందుకు మార్చారో వారికి తెలుస్తుంది, ఆయనకూ తెలుస్తుంది. ఆ వారం మీ వ్యాఖ్యానాల సంచి మాత్రం ఇంట్లోనే వదిలి వెళ్లండి.